గడియారం ఎవరి చేతిలో ఉంది? – మేనేజ్‌మెంట్ సిద్ధాంతాల చరిత్రపై ప్రసంగం

అధ్యక్షుల వారికి, ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

మేనేజ్‌మెంట్ సిద్ధాంతాలు ఎలా పుట్టాయో, ఎలా పెరిగాయో చెప్పమని ఈ సభకు నన్ను పిలిచారు. మీ పాఠ్యపుస్తకాల్లో ఈ చరిత్ర టేలర్, ఫయోల్, వెబర్, మేయో, మాస్లో, డ్రకర్ అంటూ ఒక వరుసలో ఉంటుంది. ఆ వరుసను నేను తప్పుపట్టను. కానీ దాన్ని అలాగే చదువుకుంటూ పోతే, ఒకరి మాట పాతబడగానే ఇంకొకరు వచ్చి కొత్త మాట చెప్పినట్టు కనిపిస్తుందే తప్ప, ఆ మాటలు ఏ షెడ్డులో, ఏ గనిలో, ఎవరెవరి మధ్య ఏ తగువు నడుస్తుండగా పుట్టాయో తెలియదు.

నేను పాఠాలు చెప్పడానికి ముందు 6 ఏళ్లు ఒక నూలు మిల్లులో షిఫ్టు సూపర్‌వైజర్‌గా పనిచేశాను. అక్కడ నూలు వడికే రింగ్ ఫ్రేముల మీద పనిచేసే ఒక పెద్దాయన ఉండేవారు. నడుస్తున్న యంత్రం చివర అరచెయ్యి ఆనించి, "ఈ బేరింగు రెండు మూడు రోజుల్లో పోతుంది సార్" అనేవారు. అన్నట్టే పోయేది. ఒకసారి పని కొలతలకని బయటినుంచి ఒక బృందం వచ్చింది. చేతిలో స్టాప్‌వాచ్, చంకలో అట్ట పెట్టుకుని ఆయన వెనకాలే తిరుగుతూ, తెగిన పోగు అతకడానికి ఎన్ని సెకన్లు, నిండిన బాబిన్లు దించడానికి ఎన్ని నిమిషాలు అని రాసుకున్నారు. యంత్రం మీద చెయ్యి ఆనించిన ఆ క్షణాలను "ఊరికే నిలబడిన సమయం" కింద వేశారు. ఆ కాగితం మీద సూపర్‌వైజర్‌గా సంతకం పెట్టింది నేనే. ఆ సంతకం నన్ను చాలాకాలం బాధపెట్టింది. పని ఎలా చేయాలన్న తెలివి ఎవరి దగ్గర ఉంటుంది, చేసేవారి దగ్గరా, చేయించేవారి దగ్గరా అన్న ప్రశ్న నాకు అక్కడే మొదలైంది. తరవాత ఈ శాస్త్రం చదివితే, అందులోని పెద్దలందరూ ఏదో ఒక రూపంలో ఆ ప్రశ్నకే జవాబు వెతికారని తెలిసింది.

టేలర్‌కు ముందు సంగతి కొంచెం చెప్పాలి. 1776లో ఆడమ్ స్మిత్ గుండుసూదుల తయారీని వర్ణిస్తూ, పనిని చిన్న చిన్న భాగాలుగా పంచుకుంటే 10 మంది కలిసి రోజుకు 48,000 సూదులు చేయగలరని లెక్క చెప్పాడు. 1832లో ఛార్లెస్ బాబేజ్ ఇంకో అడుగు వేసి, పనిని ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకు సరిపోయినంత నైపుణ్యానికి మాత్రమే కూలి ఇస్తే చాలునన్నాడు. అప్పటికి ఇవన్నీ ఒక కప్పు కింద జరిగే పనులు. యజమాని నిలబడి చూస్తే అన్నీ కనిపించేవి. రైళ్లు వచ్చాక ఆ అవకాశం పోయింది. 1841 అక్టోబరు 5న అమెరికాలోని మసాచుసెట్స్‌లో వెస్టర్న్ రైల్‌రోడ్ కంపెనీకి చెందిన రెండు రైళ్లు ఒకే పట్టా మీద ఎదురెదురుగా ఢీకొన్నాయి. ఆ ప్రమాదం తరవాతే ఆ కంపెనీ మార్గాన్ని డివిజన్లుగా విడగొట్టి, ఏ డివిజనులో ఎవరి మాట చెల్లుతుందో, ఎవరు ఎవరికి జవాబుదారో కాగితం మీద రాసుకుంది. 1855లో ఈరీ రైల్‌రోడ్ సూపరింటెండెంటు డేనియల్ మెకాలమ్ తన సంస్థ మొత్తాన్ని ఒక బొమ్మగా గీయించాడు. ఇప్పటి ఆఫీసు చార్టుల్లో పెద్దలు పైన ఉంటారు. మెకాలమ్ బొమ్మ చెట్టు ఆకారంలో ఉంటుంది. డైరెక్టర్ల బోర్డు వేళ్ల దగ్గర ఉంటే, రైళ్లు నడిపే సిబ్బంది కొమ్మలుగా, రెమ్మలుగా పైకీ పక్కలకీ విస్తరించి ఉంటారు.

ఇంకొక మూలం ఉంది, పాఠ్యపుస్తకాలు చాలాకాలం దాన్ని తడమలేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల పత్తి తోటల యజమానులు 1840ల చివరినుంచి అచ్చు వేసిన లెక్క పుస్తకాలు కొనుక్కుని, ఏ బానిస ఏ రోజు ఎన్ని పౌన్ల పత్తి ఏరాడో పేరు పేరునా రాసేవారు. మనిషి పనిని కొలిచే విద్య ఇనుప కర్మాగారాల్లోనే పుట్టలేదు, కొరడా నీడలో కూడా పెరిగింది. చరిత్రకారులు ఈమధ్యనే దీన్ని వివరంగా రాశారు, మనం దాన్ని విడిచిపెట్టకూడదు.

ఇక టేలర్. ఫ్రెడరిక్ విన్స్‌లో టేలర్ 1856లో ఫిలడెల్ఫియాలో కలిగిన ఇంట పుట్టాడు. చూపు ఇబ్బంది వల్ల హార్వర్డ్ చదువు మానుకుని 1874లో అప్రెంటిస్‌గా చేరాడు, 1878లో మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో కార్మికుడిగా అడుగుపెట్టాడు. ఇది గుర్తుంచుకోండి. ఆయన బయటినుంచి వచ్చిన మనిషి కాదు, లేత్ మీద నిలబడి పనిచేసినవాడు. తోటి కార్మికులంతా మాట్లాడుకుని, రోజుకు ఇంతకు మించి చేయకూడదని కట్టుబాటు పెట్టుకోవడం ఆయన స్వయంగా చూశాడు. తాను మేస్త్రీ అయ్యాక వారితో మూడేళ్లు యుద్ధమే చేశాడు. అయితే ఆయన వారిని సోమరులని తిట్టి ఊరుకోలేదు. ముక్కకు ఇంత అని కూలి కడుతున్నారు, ఎక్కువ ముక్కలు చేస్తే యజమాని రేటు తగ్గిస్తాడు, కాబట్టి మెల్లగా చేయడమే వారికి లాభం అని సరిగ్గానే పసిగట్టాడు. ఒక ముక్కకు నిజంగా ఎంత సమయం పడుతుందో యజమానికి తెలియకపోవడమే ఈ రోగానికి మూలమని ఆయన అనుకున్నాడు. ఆ తెలియనితనాన్ని పోగొట్టడానికే గడియారం పట్టుకున్నాడు.

బెత్లెహెమ్ ఉక్కు కర్మాగారంలో ఆయన చేసిన పని మీకందరికీ తెలిసినదే, అయినా దగ్గరినుంచి ఒకసారి చూద్దాం. పొలంలో గుట్టలుగా పోసిన ముడి ఇనుప దిమ్మలు. ఒక్కో దిమ్మ 92 పౌన్లు, అంటే సుమారు 42 కిలోలు. కార్మికుడు వంగి దాన్ని ఎత్తుకుని, ఏటవాలు పలక మీదుగా రైలు పెట్టెలోకి నడిచి, అక్కడ పడేసి తిరిగి రావాలి. ఒక మనిషి రోజుకు సగటున 12.5 టన్నులు మోసేవాడు. టేలర్ లెక్క ప్రకారం మొదటి తరగతి మనిషి 47.5 టన్నులు మోయాలి. ఆ టన్ను 2,240 పౌన్లది. భాగించి చూడండి: 1,156 దిమ్మలు. 10 గంటల పనిదినంలో దాదాపు అర నిమిషానికి ఒకటి. దీనికి ఎంచుకున్న కార్మికుడిని తన పుస్తకంలో ష్మిట్ అన్నాడు. ఆయన అసలు పేరు హెన్రీ నోల్. పొద్దున పనికి రాకముందూ సాయంత్రం పని దిగాకా తన సొంత చిన్న ఇంటికి గోడలు కట్టుకునేవాడని టేలరే రాశాడు. "ఎత్తు అంటే ఎత్తు, కూర్చో అంటే కూర్చో, ఎదురు మాట్లాడకు" అన్నది ఆయనకిచ్చిన ఆజ్ఞ. కూలి 1.15 డాలర్లనుంచి 1.85 డాలర్లకు పెరిగింది. పని నాలుగు రెట్లకు దగ్గరగా పెరిగితే కూలి 60 శాతం పెరిగిందన్నమాట. ఈ కథను టేలర్ చెప్పినట్టే నమ్మకూడదని, కంపెనీ రికార్డులకూ దీనికీ పొంతన లేదని 1974లో రెగే, పెరోనీ అనే పరిశోధకులు చూపించారు.

నాకు అంకెలకంటే టేలర్ వాడిన రెండు మాటలు ముఖ్యం. ఇనుము మోసే మనిషి బుద్ధిలో ఎద్దును పోలి ఉంటాడని, తన పని వెనకున్న శాస్త్రం అతనికి అర్థం కాదని రాశాడు. ఇది మొదటిది. సొంత ఇంటికి తానే గోడలు కట్టుకుంటున్న మనిషి గురించి రాసిన మాట అది. 1911లో అచ్చయిన ఆ పుస్తకంలోనే, తరతరాలుగా కార్మికుల దగ్గరున్న పనితనపు తెలివినంతా మేనేజ్‌మెంటు సేకరించి, వర్గీకరించి, సూత్రాలుగా మార్చాలని కూడా రాశాడు. ఇది రెండవది. ఒకే పుస్తకంలో కార్మికుడికి తెలివి లేదనీ అన్నాడు, కార్మికుడి దగ్గరున్న తెలివిని పోగుచేయాలనీ అన్నాడు. నా దృష్టిలో రెండవ మాటే నిజం. లోహాన్ని కోయడం మీద 26 ఏళ్లపాటు వేల ప్రయోగాలు చేసి, కోత వేగాన్ని 12 అంశాలు నిర్ణయిస్తాయని తేల్చిన మనిషికి, లేత్ మీది పనివాడికి ఎంత తెలుసో తెలియకుండా ఉండదు.

1911 ఆగస్టులో ఈ తగువు బయటపడింది. మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్‌లో అమెరికా సైన్యానికి ఆయుధాల కర్మాగారం ఉండేది. అక్కడి ఫౌండ్రీలో అచ్చులు చేసే మౌల్డర్ల దగ్గరికి స్టాప్‌వాచ్‌తో మనిషిని పంపారు. ఇసుకలో అచ్చు చేయడం చేతిస్పర్శ మీద నడిచే విద్య. తేమ ఎంత ఉండాలో, ఎంత గట్టిగా దట్టించాలో పిడికిలికే తెలుస్తుంది. ఒక మౌల్డర్ గడియారం ముందు పనిచేయనన్నాడు, ఆయన్ని తీసేశారు, మిగిలినవారంతా బయటికి నడిచారు. ప్రభుత్వానికి ఇన్నాళ్లూ మా చేతనైనంత మంచి పని చేసి ఇచ్చిన మాకు ఈ పద్ధతి అవమానకరమని వారు అర్జీలో రాసుకున్నారు. అర్జీలో మొదటి ఫిర్యాదు కూలి గురించి కాదు, అవమానం గురించి. ఆ సమ్మె వారం రోజుల్లో ముగిసినా విషయం అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లింది. 1912 జనవరిలో టేలర్ ప్రత్యేక సంఘం ముందు రోజుల తరబడి సాక్ష్యం చెప్పాడు. 1915లో సైనిక బడ్జెట్ చట్టంలోనే ఒక నిబంధన చేర్చారు: స్టాప్‌వాచ్‌తో కార్మికుల పనిని కొలిచేవారికి ఈ నిధులనుంచి జీతం చెల్లించరాదు. అదే ఏడాది టేలర్ మరణించాడు. ఆ నిషేధం 1940ల చివరిదాకా ఉంది. ఆయన పద్ధతి మాత్రం ప్రైవేటు కర్మాగారాల్లో నిలిచింది, సోవియట్ రష్యాకూ పాకింది. 1918లో లెనిన్ స్వయంగా దాన్ని అధ్యయనం చేసి అమలు చేయాలన్నాడు. పెట్టుబడిదారీ దేశమూ సోషలిస్టు దేశమూ ఒకే గడియారాన్ని పట్టుకున్నాయంటే ఈ ప్రశ్న ఎంత లోతైనదో చూడండి.

ఫ్రాన్సులో ఆంరీ ఫయోల్ ఇదే విషయాన్ని పైనుంచి చూశాడు. 1861 మేలో, 20 ఏళ్లు నిండని ఇంజనీరుగా కొమాంత్రీ బొగ్గుగనిలో ఉన్నప్పుడు, గని లోపల బండి లాగే గుర్రానికి ఒక ఉదయం కాలు విరిగింది. ఇంకో గుర్రం ఇవ్వమని ఫయోల్ చీటీ రాసి పంపాడు. దానిమీద డైరెక్టరు సంతకం లేదని గుర్రపుశాలవాడు నిరాకరించాడు. డైరెక్టరు ఊళ్లో లేడు, ఆయన బదులు సంతకం పెట్టే అధికారం ఎవరికీ ఇచ్చి వెళ్లలేదు. ఎంత బతిమాలినా గుర్రం రాలేదు, ఆ అంతస్తులో ఆ రోజు బొగ్గు తీయలేదు. ఫయోల్ దీన్ని తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు. అధికారం ఉన్న మనిషి లేని సమయంలో కూడా అధికారం ఖాళీగా ఉండకూడదన్నది ఆయన నేర్చుకున్న పాఠం. 1888లో దివాలా అంచున ఉన్న ఆ కంపెనీకే అధిపతి అయి 1918దాకా నడిపాడు. ముందుచూపు, వ్యవస్థీకరణ, ఆజ్ఞాపన, సమన్వయం, అదుపు అని పాలనకు ఐదు పనులు చెప్పి, 14 సూత్రాలతో 1916లో ప్రకటించాడు. పరీక్షలకోసం ఆ 14 మీరు వల్లె వేస్తారు. వాటితోపాటు ఆ గుర్రాన్ని కూడా గుర్తుంచుకోమని మిమ్మల్ని కోరుతున్నాను.

ఆ గుర్రపుశాలవాడు చేసింది తప్పా? జర్మనీలో సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ వర్ణించిన అధికార యంత్రాంగం సరిగ్గా అలాంటి మనుషులతోనే నడుస్తుంది. మనిషి ముఖం చూసి కాకుండా రాసిన నియమం చూసి పని చేయడం, అర్హతను బట్టి నియామకం, ప్రతిదానికీ ఫైలు. ఈ మాటలు వింటే మనకు విసుగు పుడుతుంది గానీ, జమీందారు దివాణంలో గుమాస్తా ఇష్టాన్ని బట్టి పట్టా దక్కడమో దక్కకపోవడమో జరిగిన రోజులు మన తాతలు చూశారు. అలాంటి చోట అందరికీ ఒకే నియమం అన్న మాట ఎంత పెద్ద ఊరటో ఊహించండి. వెబర్‌కు ఆ ఊరటా తెలుసు, అదే మనిషిని బంధించే ఇనుప గూడు అవుతుందన్న భయమూ ఉంది.

ఈ ఇద్దరికంటే నాకు ఎక్కువ ఇష్టమైన ఆలోచన మేరీ పార్కర్ ఫాలెట్‌ది. ఆమె 1868లో పుట్టింది, బోస్టన్‌లో సామాజిక సేవలో పనిచేసి అక్కడినుంచి ఈ రంగానికి వచ్చింది. హార్వర్డ్ గ్రంథాలయంలో ఒక చిన్న గదిలో ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఆమె మూసి ఉంచాలంది. చివరికి ఎవరూ కూర్చోని పక్క గదిలో కిటికీ తెరిచారు. ఇది రాజీ కాదంటుంది ఫాలెట్. అవతలి వ్యక్తికి కావలసింది గదిలోకి గాలి, ఆమెకు కావలసింది ఉత్తరపు గాలి నేరుగా తన మీద కొట్టకపోవడం. ఇద్దరి కోరికా పూర్తిగా తీరింది. దీన్నే కర్మాగారానికి అన్వయిస్తూ, ఒక మనిషి ఇంకో మనిషికి ఆజ్ఞ ఇవ్వడం కాదు, ఇద్దరూ కలిసి పరిస్థితిని చదివి, పరిస్థితి ఇచ్చే ఆజ్ఞను ఇద్దరూ పాటించాలి అంది. ఎవరి మీదో అధికారం వేరు, ఎవరితోనో కలిసి పంచుకునే అధికారం వేరు అన్న తేడాను అంత స్పష్టంగా చెప్పింది ఆమే. 1933లో ఆమె పోయాక చాలాకాలం పాఠ్యపుస్తకాలు ఆమెను పక్కన పెట్టాయి. అది ఈ శాస్త్రానికి జరిగిన నష్టం.

షికాగో పక్కన సిసెరోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన హాథార్న్ కర్మాగారంలో 1924లో వెలుతురు మీద ప్రయోగాలు మొదలయ్యాయి. దీపాల కాంతి పెంచితే ఉత్పత్తి పెరుగుతుందా అని చూశారు. పెంచినా పెరిగింది, తగ్గించినా తగ్గలేదు. 1927లో ఐదుగురు అమ్మాయిలను వేరే గదిలో కూర్చోబెట్టారు. వారు టెలిఫోను రిలేలు, అంటే చిన్న విద్యుత్ స్విచ్చులు, బిగించేవారు. ఒక్కో రిలేకి 35 దాకా చిన్న భాగాలు. బిగించిన రిలేను ఒక కంతలో వేయగానే కదులుతున్న కాగితపు పట్టీ మీద చిల్లు పడేది, అలా ఏ రిలే ఏ క్షణంలో పూర్తయిందో నమోదయ్యేది. మధ్యలో విరామాలిచ్చారు, టిఫిను పెట్టారు, పనిగంటలు తగ్గించారు, ఉత్పత్తి పెరుగుతూ పోయింది. 1928లో ఇవన్నీ తీసేసి పాత పద్ధతికి వెళ్లినా పాత స్థాయికి పడిపోలేదు. తమను ఎవరో పట్టించుకుంటున్నారన్న భావన, ఒకరికొకరు తోడన్న భావన పనిని పెంచాయని, ఆ ఫలితాలను విశ్లేషించిన ఎల్టన్ మేయో బృందం చెప్పింది. మానవ సంబంధాల వాదం అలా మొదలైంది.

ఆ గదిలో జరిగిన ఇంకో రెండు సంగతులు కూడా చెప్పాలి. ఐదుగురిలో ఇద్దరిని, మాటలు ఎక్కువయ్యాయని 1928 జనవరిలో తీసేసి వేరేవారిని కూర్చోబెట్టారు. అంతకుముందు పెద్ద విభాగంతో కలిపి లెక్కగట్టే కూలిని ఆ ఐదుగురికి మాత్రమే వేరుగా లెక్కగట్టారు, అంటే ఎక్కువ పని చేస్తే ఎక్కువ డబ్బు నేరుగా చేతికొచ్చేది. డబ్బూ క్రమశిక్షణా రెండూ ఆ గదిలో ఉన్నాయి. ఆప్యాయత ఒక్కటే కారణమని చెప్పడం సరికాదని 1967లో అలెక్స్ కేరీ గట్టిగా వాదించాడు. నేనూ ఆ వాదాన్నే సమర్థిస్తాను.

1931–32లో అదే కర్మాగారంలో, టెలిఫోను పరికరాలకు తీగలు కలిపే బ్యాంక్ వైరింగ్ గదిలో 14 మంది మగవారిని ఊరికే గమనించారు. ఏ మార్పూ చేయలేదు. అక్కడ కనిపించింది అచ్చంగా 50 ఏళ్ల కిందట మిడ్‌వేల్‌లో టేలర్ చూసిన దృశ్యమే. రోజుకు ఇంత అని వారిలో వారే ఒక లెక్క పెట్టుకున్నారు. దాన్ని దాటి చేసేవాడి జబ్బ మీద పక్కవాడు గట్టిగా గుద్దేవాడు. ఎక్కువ చేసిన రోజు మిగులును దాచి, తక్కువ చేసిన రోజు లెక్కలో కలిపి చూపేవారు. టేలర్ దీన్ని మోసం అన్నాడు, మేయో బృందం గుంపు మనస్తత్వం అంది. అది మాంద్యపు కాలం, బయట ఉద్యోగాలు ఊడుతున్నాయి. ఉన్న పనిని పదిమందీ పంచుకుని ఎక్కువ రోజులు నిలబెట్టుకోవాలని వారు లెక్క వేసుకుని ఉంటే, అందులో తెలివితక్కువతనం ఏముంది? టేలర్ ఆ లెక్కను పసిగట్టినా, ఒకే దృశ్యాన్ని చూసిన రెండు సిద్ధాంతాలూ దాన్ని కార్మికుడి తెలివిగా మాత్రం ఒప్పుకోలేదు.

1943లో మాస్లో అవసరాల సోపానం, 1959లో హెర్జ్‌బర్గ్ పరిశోధన, 1960లో మెక్‌గ్రెగర్ చెప్పిన ఎక్స్, వై సిద్ధాంతాలు మీకు బాగా తెలిసినవే కాబట్టి వాటిని దాటి వెళ్తాను. కానీ మనిషిని పనికి ఏది పురిగొల్పుతుందని వెతికిన ఆ ధోరణిలో మన నేలతో ముడిపడిన ఒక సంగతి ఉంది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్, సాధించాలన్న తపనను శిక్షణతో పెంచవచ్చునా అని తేల్చుకోవడానికి 1964లో ఎంచుకున్న పట్టణం మన కాకినాడ. అక్కడి వ్యాపారులకు హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ద్వారా తరగతులు జరిగాయి. యూసుఫ్‌గూడలో ఇప్పుడు జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ పేరుతో ఉన్నది అదే. శిక్షణ పొందినవారు పొందనివారికంటే చురుగ్గా కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారని, సంప్రదాయ నమ్మకాలు దానికి అడ్డురాలేదని ఆ పరిశోధన చెప్పింది. భారతీయుడి మతవిశ్వాసమే అతని వెనకబాటుకు కారణమన్న వాదన చలామణిలో ఉన్న రోజుల్లో కాకినాడ వ్యాపారులు దాన్ని తప్పని చూపించడం నాకు గర్వంగా ఉంటుంది. అయితే అప్పు దొరకడం, కరెంటు, సరుకు రవాణా వంటివన్నీ పక్కనబెట్టి మనసులోనే మందు వెతకడంలో ఒక పరిమితి ఉందని కూడా చెప్పాలి.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైన ఘట్టం అహ్మదాబాద్‌లో జరిగింది. దానికి ముందు 1951లో లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎరిక్ ట్రిస్ట్, గతంలో తానే గనికార్మికుడైన కెన్ బామ్‌ఫోర్త్ కలిసి ఇంగ్లండ్ బొగ్గుగనుల మీద ఒక వ్యాసం రాశారు. పాత పద్ధతిలో ఇద్దరు ముగ్గురు జట్టుగా ఒక చోట మొత్తం పని చేసేవారు. యంత్రాలు వచ్చాక పనిని మూడు షిఫ్టులుగా, ఒక్కో షిఫ్టుకు ఒక్కో రకం పనిగా ముక్కలు చేశారు. ఒక షిఫ్టు చేసిన తప్పు ఇంకో షిఫ్టు నెత్తిన పడేది, తగాదాలు, గైర్హాజరీలు పెరిగాయి. యంత్రాన్నీ మనుషుల జట్టునూ విడివిడిగా కాక కలిపి రూపొందించాలని వారు తేల్చారు.

అదే సంస్థకు చెందిన ఎ.కె. రైస్ 1953లో సారాభాయ్ కుటుంబానికి చెందిన కాలికో మిల్స్ వారి జూబిలీ మిల్లుకు వచ్చాడు. అక్కడ కొత్తగా ఆటోమేటిక్ మగ్గాలు బిగించారు, కానీ ఉత్పత్తి పెరగలేదు, గుడ్డలో లోపాలు తగ్గలేదు. షెడ్డులో 224 మగ్గాలు, 29 మంది కార్మికులు, 12 రకాల పనులు. సిరిసిల్లలో సాంచెల, అంటే మరమగ్గాల, దగ్గర పెరిగినవారికి ఇది కళ్లకు కడుతుంది: నేసేవాడు ఒకడు, కండెలు నింపేవాడు ఒకడు, తెగిన పోగులు అతికేవాడు ఒకడు, కొత్త పడుగు ఎక్కించేవాడు ఒకడు, మగ్గం సరిచేసే జాబర్ ఒకడు. ఒక్కొక్కరికీ ఒక్కో సంఖ్యలో మగ్గాలు అప్పగించారు, ఆ సంఖ్యలు ఒకదానితో ఒకటి కలవవు. అందువల్ల ఒక నేతగాడి మగ్గాల్లో కొన్నింటికి ఒక కండెలవాడు, మిగతావాటికి ఇంకొకడు. మగ్గం ఆగితే ఎవరిని పిలవాలి, పిలిచినా ఎందుకు రావాలి అన్నది ఎప్పుడూ తగువే. టేలర్ పద్ధతిలో ప్రతి మనిషి పనినీ విడిగా లెక్కగట్టి చేసిన ఏర్పాటు అది. లెక్క సరిగ్గానే ఉంది, షెడ్డే నడవలేదు.

రైస్ చెప్పిన మార్పు చిన్నది. కొన్ని మగ్గాలను ఒక చిన్న జట్టుకు మొత్తంగా అప్పగించాలి, ఆ మగ్గాలమీద ఏ పనైనా ఆ జట్టుదే. ఎవరు ఎవరితో జట్టు కట్టాలో కార్మికులే మాట్లాడుకుని తేల్చుకున్నారు. మొదట్లో ఒడిదుడుకులు వచ్చినా, సర్దుకున్నాక మగ్గాలు నడిచే సమయం పెరిగింది, పాడైన గుడ్డ తగ్గింది, కూలీ పెరిగింది. ఆ 29 మంది అంతకుముందూ అదే షెడ్డులో ఉన్నారు, అదే తెలివితో ఉన్నారు. దాన్ని వాడుకునే వీలు మాత్రమే కొత్తగా వచ్చింది. తరవాత సుమారు 1970లో రైస్ సహచరుడు ఎరిక్ మిల్లర్ వెళ్లి చూస్తే, ఒక షెడ్డులో జట్టు పద్ధతి నిలిచే ఉంది, మిగతాచోట్ల మెల్లమెల్లగా పాత దారికి మళ్లింది. మంచి పద్ధతి ఒకసారి రుజువైతే నిలిచిపోతుందని నేనూ ఒకప్పుడు అనుకునేవాణ్ని. అది రోజూ ఎవరో ఒకరు కాపాడితేనే నిలుస్తుందని అహ్మదాబాద్ చెబుతోంది.

ఇదే కాలంలో ఇంగ్లండ్‌లో జోన్ వుడ్‌వార్డ్ దక్షిణ ఎసెక్స్ ప్రాంతంలోని 100 సంస్థలను పరిశీలించి, అందరికీ సరిపోయే ఒకే నిర్మాణం లేదని, అది ఉత్పత్తి పద్ధతిని బట్టి మారుతుందని చూపింది. ఫయోల్ సూత్రాలను వేదవాక్యంలా పట్టుకున్నవారికి అది గట్టి దెబ్బ.

మగ్గం దగ్గరినుంచే ఇంకో దారి మొదలైంది. జపాన్‌లో టయోడా సకిచి 1924లో పూర్తిచేసిన మగ్గం పోగు తెగగానే తనంతట తానే ఆగేది. ఆ కుటుంబపు నేత మిల్లులో ఉద్యోగం మొదలుపెట్టిన తాయిచి ఓనో, తరవాత టయోటా కార్ల కర్మాగారంలో అదే సూత్రాన్ని మనుషులకు వర్తింపజేశాడు. లోపం కనిపిస్తే తాడు లాగి లైను ఆపే అధికారం ఆ చోట పనిచేసే కార్మికుడిదే. పని ఎలా చేయాలో రాసిన కాగితం కూడా ఆ పని చేసేవారే రాయాలి అన్నాడు.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ కర్మాగారం 1982లో మూతపడింది. గైర్హాజరీ 20 శాతం పైన ఉండేది, సమ్మెలు, తగాదాలు సరేసరి. 1984లో టయోటాతో కలిసి దాన్ని నుమ్మి అన్న పేరుతో మళ్లీ తెరిచారు. చేర్చుకున్నవారిలో ఎక్కువమంది ఆ పాత కార్మికులే, యూనియనూ అదే. గైర్హాజరీ బాగా తగ్గింది, నాణ్యత మెరుగైంది. అక్కడ పరిశోధన చేసిన పాల్ ఆడ్లర్ 1993లో రాసిన వ్యాసంలో ఒక దృశ్యం ఉంది. స్టాప్‌వాచ్ అక్కడా ఉంది, కదలికల కొలత అక్కడా ఉంది, అయితే గడియారం కార్మికుల చేతిలో ఉంది. జట్టులోనివారు ఒకరి పనిని ఒకరు కొలుచుకుని, మంచి పద్ధతి ఏదో చర్చించుకుని, తామే రాసుకునేవారు. ఆ వ్యాసం మొదటిసారి చదివిన రోజు నాకు ఆ పెద్దాయన గుర్తొచ్చారు. ఆయన చేతికే గడియారం ఇచ్చి ఉంటే, బేరింగు మీద అరచెయ్యి ఆనించే ఆ పావు నిమిషాన్ని తప్పక పనిలో భాగంగానే రాసేవారు.

నుమ్మి 2010లో మూతపడింది. అదే కాలిఫోర్నియాలో ఇప్పుడు పెద్ద పెద్ద గిడ్డంగుల్లో వేలమంది చేతి స్కానర్లతో పనిచేస్తున్నారు. సరుకు తీసి స్కాన్ చేసిన ప్రతిసారీ సమయం నమోదవుతుంది. హాథార్న్ గదిలో కాగితపు పట్టీ మీద పడిన చిల్లు లాంటిదే అది, కాకపోతే ఎవరూ కూర్చుని చూడనక్కర్లేదు. గంటకు ఎన్ని చేయాలో, ఎంత వెనకబడితే ఉద్యోగం పోతుందో ఆ పని చేసేవారికి తరచు తెలిసేది కాదు. 2021లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది, అది 2022 జనవరి 1నుంచి అమల్లో ఉంది. గిడ్డంగి యజమాని కార్మికుడికి అతని పని లక్ష్యాన్ని రాతపూర్వకంగా చెప్పాలి. భోజన విరామానికీ మరుగుదొడ్డికి వెళ్లడానికీ అడ్డుపడే లక్ష్యం పెట్టకూడదు. కార్మికుడు అడిగితే గత 90 రోజుల్లో అతని పనివేగం మీద నమోదైన వివరాలను అతనికి ఇవ్వాలి. వాటర్‌టౌన్ మౌల్డర్లకు లేని హక్కు ఇది. తనను కొలిచిన అంకెను కార్మికుడు ఇప్పుడు అడిగి చూడగలడు. ఫ్రీమాంట్ జట్లు చేసినట్టు ఆ అంకెను తానే నిర్ణయించే వీలు మాత్రం ఆ చట్టంలో లేదు.